కొట్టని దెబ్బ

ఫుకయుకి గురించి అడగడానికి టీవీ వాళ్ళు వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న. "అమ్మగారూ, ఆయన పట్టిన కుస్తీలన్నిట్లో గొప్పది ఏది?" కొండలాంటి కనెదకెని దట్టీ పట్టి ఎత్తి బరి బయట దింపినదా? నగొయాలో చెవి తెగి, మెడ మీదుగా నెత్తురు కారుతున్నా పట్టు వదలనిదా? నేను టీ పోసి, నోటికొచ్చినది ఏదో చెప్పి పంపించేస్తాను. అసలు కుస్తీ టీవీలో రాలేదు. దాన్ని కళ్ళారా చూసింది ఇద్దరం. ఒకరు మావారు, ఆయన పోయారు. ఇక మిగిలింది నేనే.

మాది సుమిదా నదికి ఇవతల గట్టున ఉన్న తాలింఖానా. మావారు ఒకప్పుడు సుమో మల్లుడు, తర్వాత గురువు. కుర్రాళ్ళకి ఆయన గురువుగారు, నేను అమ్మగారిని. వంట వాళ్ళే చేసుకుంటారు. ఉప్పు చూడటం, తిట్టడం, దెబ్బలకి పట్టీలు వేయడం నా పని. పోటీలు జరిగే రోజుల్లో మా కుండలో కోడి తప్ప ఇంకే మాంసమూ పడదు. కోడి రెండు కాళ్ళ మీద నిలబడుతుంది. ఆవూ పందీ నాలుగు కాళ్ళ మీద ఉంటాయి. మా ఆటలో పట్టు మొదలయ్యాక చెయ్యి నేలకి ఆనిందా, ఓడినట్టే. అందుకని.

కింద గదిలో ఇసుక బరి, దాని పక్కన ఎత్తుగా చెక్క అరుగు. ఆడవాళ్ళు బరిలో కాలు పెట్టకూడదు. కాబట్టి నా కాపురమంతా ఆ అరుగు మీద నుంచి చూడటంతోనే గడిచింది. మొదట్లో మండిపడేదాన్ని. తర్వాత అలవాటైపోయింది, కోపం మాత్రం పూర్తిగా పోలేదు.

ఇవసెగావ మా తాలింఖానాలో పెద్ద శిష్యుడు. మేమంతా ఇవసె అనేవాళ్ళం. హిమి అనే సముద్రపు ఊరి వాడు. పొట్టిగా, రాయిలా ఉండేవాడు. నోరు తెరిస్తే వెటకారం. ఫుకయుకి అతని కన్నా ఎనిమిదేళ్ళు చిన్న. ఉత్తరాన మంచు ఊళ్ళ నుంచి వచ్చాడు, మాకు యుకి. వచ్చిన మొదటి నెలలోనే ఇంటి మీద బెంగతో మూటా ముల్లే సర్దుకుని పారిపోయాడు. ఇవసె ఉఎనో స్టేషనుకి వెళ్ళి, ప్లాట్‌ఫారం మీదే వాడికి వేడి వేడి నూడుల్స్ పెట్టించి వెనక్కి పట్టుకొచ్చాడు.

"ఏం చెప్పి తెచ్చావురా?" అని అడిగాను.

"ఏం చెప్పలేదు అమ్మగారూ. తినేటప్పుడు రైలు వెళ్ళిపోయింది" అన్నాడు.

మర్నాటి నుంచి ఇవసె వాడికి రొమ్ము అప్పిచ్చాడు. మా వాళ్ళు అనే మాటే అది. పెద్దవాడు బరిలో చేతులు చాచి నిలబడతాడు. చిన్నవాడు ఉన్న బలమంతా కూడగట్టి తలతో అతని గుండెల మీద గుద్ది, అంచు దాకా నెట్టాలి. ఆ ఊపుకి పెద్దవాడి మడమలు ఇసుకలో రెండు చాళ్ళు తీస్తూ వెనక్కి పోతాయి. నెట్టలేకపోతే ఇసుకలో దొర్లిస్తాడు, మళ్ళీ లేపుతాడు. మొదట్లో యుకి గుద్దితే ఇవసె కదిలేవాడే కాదు, పైగా ఆవలించేవాడు. "ఏరా, దోమేమైనా వాలిందా?" అనేవాడు. ఏళ్ళు గడిచేసరికి ఆ చాళ్ళు బరి ఈ చివర నుంచి ఆ చివరకి పడటం మొదలయ్యాయి. ఇవసె రొమ్ము మీద, సరిగ్గా యుకి తల తగిలే చోట, చర్మం నల్లగా కాయ కాసింది. స్నానానికి వెళ్తూ దాన్ని అందరికీ చూపించేవాడు.

అలా రొమ్మిచ్చిన వాణ్ణి అసలు పోటీలో గెలవడాన్ని మావాళ్ళు రుణం తీర్చుకోవడం అంటారు. పువ్వులిచ్చి దండం పెడితే తీరదు. ఎదురుగా నిలబడి, నేరుగా గుద్ది, ఓడించాలి. కానీ ఒకే తాలింఖానా వాళ్ళని పోటీల్లో ఒకరి మీదికి ఒకరిని దించరు. ఆఖరి రోజున ఇద్దరూ సరిసమానంగా నిలిచి, కప్పు ఎవరిదో తేలకపోతేనే దించుతారు. అలా జరగడం చాలా అరుదు.

ఒసాకాలో ఆ వసంతంలో జరిగింది.

అప్పటికి యుకి ఇవసెని దాటి పైకి పోయాడు. ఆ కప్పు కూడా కొడితే యొకొజునా అవుతాడు, అంటే ఇక పైన మెట్టు లేదు. ఇవసెకి ముప్పై నాలుగు. కప్పు మొహం ఎన్నడూ చూడలేదు. కుడి మోకాలు పూర్తిగా పాడైంది. డాక్టరు ఇక చాలన్నాడు. అయినా ఆ పోటీల్లో ఏ దేవుడు పూనాడో, వరసగా గెలుస్తూ వచ్చాడు. దేశమంతా అతని వైపే చూస్తోంది.

ఆఖరి రోజు పొద్దున మేం దిగిన గుడి వసారాలో కూర్చుని ఇవసె మోకాలికి కట్టు కట్టుకుంటున్నాడు. యుకి అటుగా వచ్చాడు. నేను బియ్యం కడుగుతున్నాను.

"ఒరేయ్, సాయంత్రం నీకూ నాకూ పడేలా ఉంది" అన్నాడు ఇవసె, తల ఎత్తకుండానే.

"పడుతుందేమో అన్నా."

"పడితే నేరుగా రా. కాలు వంక చూశావంటే చంపేస్తా."

"సరే అన్నా."

"సరే అని మొహం అలా వేలాడేశావేంట్రా? చావింటికేమైనా పిలిచానా?"

యుకి నవ్వాడు, ఇవసె కూడా నవ్వాడు. వాళ్ళిద్దరూ కలిసి నవ్వగా నేను చూడటం, మళ్ళీ చాలా ఏళ్ళ దాకా, అదే ఆఖరు.

సాయంత్రం ఇద్దరికీ పడింది. హాలంతా ఊగిపోతోంది. ఇద్దరూ బరి శుద్ధికి ఉప్పు చల్లి, బరిలో ఎదురెదురుగా కూర్చుని, చేతులు నేలకి ఆనించి లేచారు. ఇవసె తల వంచి, జీవితంలో దాచుకున్నదంతా పెట్టి దూకాడు. ఎదురుగా ఎవరూ లేరు. యుకి పక్కకి తప్పుకున్నాడు. ముందుకి పోతున్న ఇవసె మెడ మీద చెయ్యి వేసి మెల్లగా నొక్కాడు, అంతే. ఇవసె రెండు చేతులూ రెండు మోకాళ్ళూ ఆనించి నేల మీద పడ్డాడు. రెప్ప వేసేలోపు అయిపోయింది. ఇసుకలో చాళ్ళు లేవు, అరచేతుల గుర్తులు తప్ప.

హాలు చప్పబడిపోయింది. పై వరసలో ఎవరో ముసలాయన "సిగ్గు లేదూ!" అని అరిచాడు. అది తప్పుకాదు, నియమాల్లో ఉన్నదే. కానీ మాలో ఎవరూ దాన్ని గెలుపు కింద లెక్కెయ్యరు.

ఆ రాత్రి విందులో ఆనవాయితీ ప్రకారం గెలిచినవాడు పెద్ద ఎర్రచేపని రెండు చేతులతో ఎత్తి పట్టుకుంటే, చుట్టూ తోటివాళ్ళు నిలబడి ఫొటో దిగాలి. ఇవసె వచ్చి చేప తోక పట్టుకున్నాడు. నవ్వుతూనే ఉన్నాడు.

"కాబోయే యొకొజునా గారూ, కాస్త ఇటు జరగండి. మీ మొహం ఫొటోలో పడటం లేదు" అన్నాడు.

గారు అన్నాడు. మీరు అన్నాడు. ఆ పొద్దుట దాకా ఒరేయ్ అన్న నోరది. యుకి చేప ఎత్తి పట్టుకుని చెప్పినట్టే జరిగాడు. ఆ ఫొటో ఇంకా మా గోడ మీద ఉంది. చూసినవాళ్ళు "ఎంత సంతోషంగా ఉన్నారో!" అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది.

విందయ్యాక యుకి వంటింట్లోకి వచ్చి, గిన్నెల పక్కన నేల మీద చతికిలబడ్డాడు. ఊరుకోలేకపోయాను.

"ఎందుకురా అంత పని చేశావు? పదవి కోసమా?"

"మీరు కూడానా అమ్మగారూ?" అన్నాడు. "ఉప్పు తీసుకోవడానికి వెళ్ళినప్పుడు చూశాను. కట్టు కింద మోకాలు ఇంత లావున ఉబ్బి ఉంది. నేను గుద్దితే విరిగిపోయేది. అన్న ఇక నడవలేడు."

"అయితే నువ్వే ఓడిపోవాల్సింది."

"దొంగ కుస్తీ పట్టమంటారా? అన్నతోనా? అది తెలిస్తే నా మొహాన ఉమ్మేసేవాడు." పిల్లాడిలా ఏడ్చాడు. "కొట్టలేను, ఓడిపోలేను. ఇంకేం చేస్తాను అమ్మగారూ?"

మంచి మనసుతోనే చేశాడు. కానీ వాడు వెతుక్కున్న మూడో దారి ఆ రెంటికన్నా అన్యాయమైనది. అది వాడికి అప్పుడే అర్థమైపోయిందని నాకు తెలుసు.

ఇవసె ఆ వేసవిలోనే ఆట మానేశాడు. ఆట మానిన మల్లుడి సిగని తెలిసినవాళ్ళంతా తలా కాస్త కత్తిరించి తీసే వేడుకలో, వరసలో యుకి కూడా కత్తెర పట్టి ఒక పాయ కత్తిరించాడు. "శ్రమ తీసుకున్నారు, యొకొజునా గారూ" అన్నాడు ఇవసె, ముందుకే చూస్తూ. తర్వాత హిమి వెళ్ళిపోయి, మామగారి వేడి నీళ్ళ స్నానాల కొట్టు చూసుకోవడం మొదలుపెట్టాడు.

యుకి పేరు మారుమోగిపోయింది. కప్పుల మీద కప్పులు తెచ్చాడు. కానీ ఒసాకా తర్వాత వాడు మళ్ళీ ఒక్కసారి కూడా పక్కకి తప్పుకోలేదు. కనెదకె వాడికి రెట్టింపు ఉండేవాడు, వీడు పక్కకి జరిగితే తన బరువుకి తనే పోయేవాడు. అందరూ అదే చెప్పారు. యుకి వినకుండా నేరుగా ఎదురెళ్ళి, ఆ కొండని గుండెల మీద ఆపి, నడుం దట్టీ పట్టి ఎత్తాడు. జనం లేచి నిలబడ్డారు. నగొయాలో ఎదుటివాడి తల తగిలి చెవి సగం ఊడింది. రిఫరీ ఆపి తుడిపిస్తే, మళ్ళీ అదే పట్టు పట్టి గెలిచాడు. ముందు పళ్ళు రెండు పోయాయి. భుజం ఎన్నిసార్లు జారిందో వాడికే తెలియదు. పత్రికల వాళ్ళు ధైర్యం, ధైర్యం అని రాశారు. ధైర్యం కాదు. వాడు ఎవడితో పట్టినా ఒసాకాలో కొట్టని ఆ ఒక్క దెబ్బనే కొడుతున్నాడు. అది ఎవరెవరికో తగులుతోంది, తగలాల్సిన వాడికి తప్ప.

కప్పు తెచ్చిన ప్రతిసారీ ఊరేగింపు ముగిశాక అరుగు మీద కూలబడి అడిగేవాడు. "అమ్మగారూ, హిమి నుంచి ఫోనేమైనా వచ్చిందా?"

"లేదు నాయనా."

"తీరికుండదులెండి. కొట్టు కదా."

ఆ మాట విని విని నాకు హిమి అనే ఊరి పేరు మీదే కోపం వచ్చింది. ప్రతి చలికాలం అక్కడి నుంచి పెద్ద బురి చేప మాత్రం వచ్చేది. పెట్టె మీద గురువుగారికి, అమ్మగారికి అని ఉండేది. యుకి పేరు ఉండేది కాదు. నేను ముక్కలు కోస్తుంటే యుకి పక్కన నిలబడి, తోక వైపు ముక్క తనకి వేయమనేవాడు. ఫొటోలో ఇవసె పట్టుకున్నది తోక కదా. నాకు కళ్ళు చెమర్చేవి, ఉల్లికాడల మీద నెపం పెట్టేదాన్ని.

అలా పదేళ్ళు పోయాయి. భుజం ఇక లేవడం లేదని యుకి ఆట విడిచిపెట్టాడు. సిగ తీసే వేడుకకి తేదీ కుదిరింది. దేశంలో పెద్దవాళ్ళందరికీ పిలుపులు వెళ్ళాయి. వాడికి కావాల్సింది ఒక్కరే. ఆ ఒక్కరి కోసం ఎవరికీ చెప్పకుండా నేను హిమి వెళ్ళాను.

ఇవసె కుంటుతూ వస్తాడని ఊహించుకున్నాను. కట్టెల బుట్ట భుజాన వేసుకుని, నిక్షేపంగా మెట్లు దిగి వచ్చాడు.

"మోకాలు ఎలా ఉందిరా?"

"చూశారుగా అమ్మగారూ. బరి దిగగానే బాగైపోయింది. వేడి నీళ్ళ మహిమ."

"యుకి నిన్ను కాపాడాడురా. వాడు గుద్ది ఉంటే..."

"విరిగేది." బుట్ట కింద పెట్టాడు. "విరిగితే ఏమయ్యేదో తెలుసా? ఈ కొట్లో కుంటుతూ తిరిగేవాణ్ణి. ఏం మామా, ఆ కాలేంటి అని ఎవరైనా అడిగితే, యొకొజునా ఫుకయుకి కొట్టిన దెబ్బరా ఇది, వాణ్ణి తయారుచేసింది నేనే, అని చచ్చేదాకా చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడేముంది? కాలు బాగుంది. చూపించుకోవడానికి ఏమీ లేదు. పన్నెండేళ్ళు రొమ్మిస్తే, చివరికి నా మీద జాలిపడ్డాడు."

"వాడు రోజూ నీ ఫోను కోసం చూశాడురా."

ఇవసె పొయ్యిలో కట్టె ఎగదోశాడు. "జుట్టు కత్తిరించడానికి నేను రానని చెప్పండి" అన్నాడు. నేను అక్కడే నాలుగు తిట్లు తిట్టి, రైలెక్కేశాను.

వేడుక రోజున బరి నడుమ కుర్చీలో యుకి కూర్చున్నాడు. ఒక్కొక్కరే ఎక్కి, బంగారు కత్తెరతో రవ్వంత కత్తిరించి దిగుతున్నారు. వాడి చూపు తలుపు వైపే ఉంది. చివరి కోత గురువుది. మావారు కత్తెర పట్టుకుని చాలాసేపు ఆగారు. మైకు వాడు దగ్గాడు, జనం కదిలారు. ఇక ఆగలేక కత్తిరించేశారు. సిగ ఆయన చేతిలోకి వచ్చింది. వాడు తలదించుకున్నాడు. సిగ పోయినందుకే ఏడుస్తున్నాడని జనం కూడా ఏడ్చారు.

మర్నాడు పొద్దున కుర్రాళ్ళందరికీ సెలవు. మావారూ నేనూ యుకీ అరుగు మీద టీ తాగుతున్నాం. తలుపు జరిగింది. ఇవసె, చేతిలో చిన్న సంచి.

"నిన్న రాలేదే?" అన్నారు మావారు.

"జుట్టుతో నాకు పనిలేదు గురువుగారూ. ఆ తలతోనే పనుంది."

చొక్కా విప్పాడు. రొమ్ము మీద నల్ల కాయ ఇంకా అలాగే ఉంది. తీగ మీద ఆరేసిన దట్టీ ఒకటి తీసుకుని, మావారి చేత బిగించి కట్టించుకున్నాడు. బరిలోకి దిగి చేతులు చాచాడు.

"ఒరేయ్ యుకీ, రారా."

ఒరేయ్ అన్నాడు. యుకి అరుగు అంచు దాకా వచ్చి ఆగాడు.

"అన్నా, మీ మోకా..."

"ఆ మాట పూర్తిచేశావంటే హిమి బండెక్కేస్తా. మళ్ళీ ఈ జన్మలో నా మొహం చూడవు."

యుకి కొత్త కోటు విప్పి అరుగు మీద పడేశాడు. కత్తిరించిన తలతో, ప్యాంటు మీదే ఇసుకలోకి దిగి, కూర్చుని, చేతులు నేలకి ఆనించాడు. మావారు ఒళ్ళు నిటారుగా చేసుకున్నారు. నేను తుడిచే గుడ్డ నోట్లో కుక్కుకున్నాను.

యుకి లేచాడు. నేరుగా లేచాడు. తల రొమ్ముకి తగిలిన చప్పుడు వంటింటి గిన్నెల దాకా వినిపించి ఉంటుంది. ఇవసె మడమలు ఇసుకలో దిగబడి, రెండు చాళ్ళు తీస్తూ, బరి ఈ చివర నుంచి ఆ చివరకి పోయాయి. బరి అంచున పాతిన గడ్డి మోపుకి మడమ తన్నింది. మోకాలు టక్కుమంది. ఇవసె వెల్లకిలా బయటికి పడ్డాడు.

"అన్నా! విరిగిందా అన్నా?"

"విరిగిందిరా!" అన్నాడు ఇవసె. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. "ఇదిరా. ఇదీ దెబ్బంటే. ఇన్నేళ్ళు ఎక్కడ దాచావురా దీన్ని?"

యుకి అతని మీద పడి, ఆ నల్ల కాయ మీద తల ఆనించి ఏడ్చాడు. నేను పరిగెత్తబోయి ఒక కాలు కిందికి దించి, మళ్ళీ పైకి తీసుకున్నాను. అరుగు అంచున నిలబడి, కట్టు కట్టమని గుడ్డ విసిరాను. మావారు కూర్చున్న చోటు నుంచే, రిఫరీలా గొంతెత్తి "గెలుపు ఫుకయుకిది" అన్నారు. అంబులెన్సు కోసం ఫోను చేసింది నేనే. ఇద్దరికీ కలిపి బూతులు తిట్టింది కూడా నేనే. ఒక్క గుద్దు. దానికి పదేళ్ళు పాడుచేసుకున్నారు, వెర్రి వెధవలు.

ఆ తర్వాత యుకి నాలుగు చలికాలాలే బతికాడు. మా మల్లుల గుండెలు అంతే. ఆ నాలుగూ హిమి వెళ్ళి ఇవసె వీపు రుద్ది వచ్చాడు. ఐదో చలికాలంలో ఇవసె కర్ర పట్టుకుని కుంటుతూ వచ్చి వాడి శవపేటిక పక్కన కూర్చున్నాడు. ఇంకో పదేళ్ళు కూడా ఆ వీపు రుద్దించుకునేవాడు కదా అనిపించింది. ఆ పదేళ్ళూ ఎటు పోయాయో అక్కడున్న మాకందరికీ తెలుసు.

ఇవసె ఇప్పటికీ కొట్లో కుంటుతూనే తిరుగుతున్నాడు. స్నానానికి వచ్చిన ప్రతివాడికీ కాలు చాపి చూపిస్తాడట. ఎవరూ నమ్మరు. "ఆట మానేసిన వాడొచ్చి నిన్ను గుద్దాడా మామా? తడి మెట్ల మీద జారావని చెప్పరాదూ?" అంటారు. యుకి బతికుండగా ఒకసారి అక్కడే నీళ్ళలో కూర్చుని, "నిజమే, నేనే విరగ్గొట్టాను" అని చెప్పాడట. పాపం, పెద్దాయన మీద జాలికొద్దీ అంటున్నాడు అనుకున్నారట జనం.

మొన్న ఫోనులో ఇవసె ఇదంతా చెప్పి, "మీరైనా చెప్పండి అమ్మగారూ, మీ మాట నమ్ముతారు" అన్నాడు.

అందుకే చెబుతున్నాను. ఆ కాలు విరగ్గొట్టింది ఫుకయుకి. జాలి పడలేదు. నేరుగా వెళ్ళి కొట్టాడు. నేను చూశాను.